పాలీసు కోటిలింగం పాట

వ్యాసర్పాడి రామభజన మఠానికి కోటిలింగం భక్తి కొద్దీ వచ్చాడని ఎవరైనా చెబితే నమ్మకండి. అతను వచ్చింది తాగడానికి. అదీ డబ్బులడగకుండా పోస్తారని విని వచ్చాడు.

మదరాసులో మద్యనిషేధం గట్టిగా నడుస్తున్న రోజులవి. ఆంధ్ర రాష్ట్రం వేరుపడి, మదరాసు ఎవరిదన్న గొడవ చల్లారి, ఇక్కడి తెలుగువాళ్లు ఇక్కడే మిగిలిపోయిన కాలం. సారాయి అన్న మాట పైకి అనాలంటే భయం. పోలీసు చెవిన పడితే చాలు, రాత్రికి ఠాణాలో పడకే. అందుకని తాగేవాళ్లు దానికి రకరకాల పేర్లు పెట్టుకున్నారు. కషాయం అనేవాళ్లు కొందరు, మామ అనేవాళ్లు కొందరు. అన్నిట్లోకీ మర్యాదైన పేరు తీర్థం.

కోటిలింగం పక్కన కొట్టు అరుగు మీద పడుకునే రిక్షా పెరుమాళ్ ఒకనాడు మాటల్లో ఒక కబురు చెప్పాడు. వ్యాసర్పాడిలో ఒక మఠం ఉందట, పొద్దు గూకాక ఎవరు పోయినా తీర్థం ఇస్తారట, కులం అడగరట, ఊరు అడగరట. పెరుమాళ్ చెప్పింది ఉన్నమాటే. అతను ఆ మఠంలో నాలుగుసార్లు భోజనం చేసి వచ్చినవాడు. కానీ వినే చెవి కోటిలింగానిది. ఆ చెవికి తీర్థం అంటే ఒక్కటే అర్థం. మర్నాడు సాయంత్రం పెరుమాళ్‌నే అడిగి పెద్ద లోటా ఒకటి తీసుకుని వ్యాసర్పాడికి నడిచాడు.

ఈ కోటిలింగం పుట్టు తాగుబోతేమీ కాదు. తాతలు వెంకటగిరి వైపునుంచి వచ్చి మదరాసు చూళైలో స్థిరపడ్డారు. కొయ్యకు పాలీసు పెట్టడం వాళ్ల ఇంటి విద్య. తండ్రి దగ్గర నేర్చుకుని పెరంబూరులో తిరువేంగడం ముదలియారు బీరువాల కొట్టులో చేరాడు. మామిడి బల్లను ఇచ్చి చూడండి, ఖరీదైన ఈటి బల్లగా తిరిగి ఇస్తాడని పేరు. పండక్కో పబ్బానికో ఇంత కల్లు తాగేవాడే గానీ అంతకు మించి లేదు. తీరా సర్కారు కల్లు దుకాణాలు మూయించాక, రోజంతా చేతిలో ఉండే సీసా వైపు అతని చూపు మళ్లింది. పాలీసంటే ఏమిటి? లక్కను స్పిరిటులో కరిగించిందే కదా. బీరువాకు ఒక పూత, కోటిలింగానికి ఒక పూత. కొన్నాళ్లకు బీరువాలకు పూత తగ్గింది, కోటిలింగానికి హెచ్చింది. పెళ్లి సంబంధాలు ఆ వాసన తగిలి గుమ్మంలోంచే వెనక్కి పోయాయి. పొద్దున లేస్తే చూపు మసకలు కమ్మేది. ముదలియారు మంచివాడు కాబట్టి చాలాకాలం ఓర్చుకున్నాడు, వ్యాపారస్థుడు కాబట్టి చివరికి వెళ్లగొట్టాడు. అద్దె ఇల్లు పోయింది, అరుగులు మిగిలాయి.

ఇక మఠం సంగతి. నెల్లూరునుంచి మిల్లు పనులకు వచ్చినవాళ్లు తలా కొంచెం వేసుకుని కట్టుకున్న చిన్న పెంకుటిల్లు అది. దాన్ని నడిపేది చెంగమ్మ. నడివయసు దాటిన మనిషి, గొంతు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. ఆమె తమ్ముడొకడు తాగుడుకు బానిసై, ఇంట్లోవాళ్లు గెంటేస్తే రైలు గేటు దగ్గర అనాథలా పోయాడు. గెంటినవాళ్లలో తానూ ఉన్నానని చెంగమ్మ ఎవరి దగ్గరా దాచుకోలేదు. అప్పటినుంచి మఠం వసారా ఇల్లు లేనివాళ్లకు తెరిచి పెట్టింది. సాయంత్రం బావి దగ్గర స్నానం, నొసట నామం, భజన, భోజనం, పడక. తాగి రావద్దని మాత్రం ఆమె ఏనాడూ అనలేదు. తాగి వచ్చినవాడు భజనలో మొదటి వరుసలో కూర్చోవాలి, అందరికన్నా గట్టిగా పాడాలి, అంతే ఆమె పెట్టిన కట్టుబాటు. దాంతో భజన మొదలయ్యే వేళకు వీధిలోవాళ్లు ఏదో పని కల్పించుకుని వచ్చి, మొదటి వరుసలో ఎవరెవరున్నారో చూసి పోయేవారు.

ఆ సాయంత్రం కోటిలింగం భజనంతా ఓపిగ్గా కూర్చున్నాడు. హారతి అయింది. పూజారి శేషాద్రి తీర్థం ఇస్తూ వచ్చాడు. అందరూ అరచెయ్యి పట్టారు, కోటిలింగం లోటా పట్టాడు. శేషాద్రి ఎగాదిగా చూసి అందులోనే ఒక ఉద్ధరిణెడు పోశాడు. తులసి, పచ్చకర్పూరం, నీళ్లు. కోటిలింగం చప్పరించి ఆలోచనలో పడ్డాడు. పోలీసుల భయం కదా, కొత్త మొహాలకు మొదటే అసలు సరుకు ఇవ్వరు, నమ్మకం కుదిరాకే ఇస్తారు. అలా అనుకుని, పెట్టిన అన్నం తిని అక్కడే పడుకున్నాడు. రెండోనాడూ అదే నీళ్లు. ఆ తర్వాతా అవే నీళ్లు. చేతులు వణికాయి, చెమటలు పోశాయి, గోడల మీద లేనివన్నీ పాకుతూ కనిపించాయి. చెంగమ్మ గంజి తాగించింది, తోటివాళ్లు కాళ్లూ చేతులూ పట్టుకుని కూర్చున్నారు. ఇదంతా తనను పరీక్షించడమే అనుకున్నాడు మహానుభావుడు.

కాస్త తేరుకున్నాక చెంగమ్మను చాటుగా పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు.

“అక్కా, నిజం తీర్థం ఎప్పుడిస్తారు?”

చెంగమ్మకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లలో ఎంతోమంది వచ్చారు, అన్నం అడిగారు, పంచె అడిగారు, చాప అడిగారు. ఇలాంటి మాట అడిగినవాడు లేడు.

“దానికి ఓపిక పట్టాల నాయనా. అడిగిన వెంటనే దొరికేదా అది? చిత్తం కుదరాల” అంది.

చిత్తం కుదరడమంటే నమ్మకం కుదరడం కాబోలనుకుని కోటిలింగం తల ఊపాడు. చెంగమ్మ ఈ సంగతి వీధి వీధంతా చెప్పుకుంది. ఆ తర్వాత ఏకాదశి నాడు నలుగురిలో లేచి, ఈయన మనందరిలాగా కాదు, నిజమైన తీర్థం కోసం ఎదురుచూస్తున్న మనిషి అని పొగిడింది. సరిగ్గా ఆ పూట పెరుమాళ్ భోజనానికి వచ్చి ఉన్నాడు. లోటా ఎరువిచ్చినవాడు కదా, అతనికి విషయం తట్టింది. నవ్వలేక, ఆపుకోలేక, పొలమారి, చివరికి అసలు సంగతి బయటపెట్టేశాడు.

మఠం పైకప్పు ఎగిరిపోయేంత నవ్వారు జనం. కోటిలింగం చీపురు దెబ్బలకు సిద్ధపడి తల వంచుకున్నాడు. చెంగమ్మ ముఖం ఎర్రబడింది, తర్వాత పెదవులు వణికాయి, తర్వాత ఆమె నవ్వు మొదలైతే అందరి నవ్వూ అందులో మునిగిపోయింది. కళ్లు తుడుచుకుని అడిగింది, తాగి ఎన్నాళ్లయిందని. కోటిలింగం లెక్క చూసుకుంటే అమావాస్య ముందు వచ్చినవాడు, మళ్లీ అమావాస్య దాటిపోయింది. ఆ సంగతి అతనికే కొత్తగా ఉంది.

“అట్లనా? ఇంకో నెల ఓపిక పట్టు, అప్పుడు చూస్తాం” అంది చెంగమ్మ.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. కానీ మనిషి బాగుపడ్డాక బతకాలి కదా. రైలు గూడ్స్ యార్డులో మూటలు మోస్తే నడుం పట్టేసింది. టీ కొట్టులో చేరితే పగిలిన గ్లాసుల కింద జీతం పోయింది. ఒకసారి కూలి డబ్బు పట్టుకుని వస్తూ వడ్రంగి కొట్టు ముందు ఆగాడు, పాలీసు వాసన తగిలింది, అంతే. ఆ సాయంత్రం మొదటి వరుసలో కూర్చుని, రాముడికి కూడా చెవులు నొప్పి పుట్టేలా పాడాడు. చెంగమ్మ తిట్టలేదు. ఆమె తిట్టకపోవడమే అతనికి పెద్ద దెబ్బ.

అతని చిక్కంతా అదే. చేతులకు తెలిసిన పని ఒక్కటే, ఆ పనిలోనే అతని చావు ఉంది. సీసా ముట్టకపోతే కూడు లేదు, ముట్టుకుంటే తాను లేడు. దారిన పోతూ ఎవరింటి తలుపు చూసినా అతనికి బాధే. ఇక్కడ పూత చారలు పడింది, అక్కడ బుడగ లేచింది, చేతులు దురద పెట్టేవి. ఇల్లు లేకపోతే అరుగు దొరుకుతుంది గానీ, పని పోయిన పనివాడికి ఎక్కడుంది చోటు?

శ్రీరామనవమి దగ్గరపడింది. మఠానికి ఒక టేకు పల్లకి ఉంది. ఆ ఏడు వానలకు పెంకు జారి నీళ్లు కారి, దాని పాలీసంతా తెల్లగా పొరలు లేచిపోయింది. చెంగమ్మ పెరంబూరు వెళ్లి తిరువేంగడం ముదలియారును అడిగింది. ముదలియారు వచ్చి చూసి పెదవి విరిచాడు. పాత టేకు, నగిషీ పని, దీన్ని చెయ్యగల చెయ్యి ఒక్కటే ఉంది, అది మీ వసారాలోనే కూర్చుని ఉంది, కానీ ఆ చేతికి సీసా ఇవ్వడమంటే దొంగకు తాళాలివ్వడమే అన్నాడు. సరుకు మాత్రం రాముడి పేర తానే ఇస్తానన్నాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, వాడు గనక సీసా తాగకుండా పల్లకి పూర్తి చేస్తే తన కొట్టులో పాత చోటు పాతదే అని కూడా అన్నాడు.

చెంగమ్మ సీసా తెచ్చి కోటిలింగం ముందు పెట్టింది. అతను పాము కనబడినట్టు వెనక్కి జరిగాడు.

“నాకొద్దక్కా. దాని మూత తీస్తే నేను నేనుగా ఉండను” అన్నాడు. పని చెయ్యాల్సిందే అయితే ఆమె ఎదురుగా చీపురు పట్టుకుని కూర్చోవాలని బతిమాలాడు.

చెంగమ్మ ససేమిరా అంది. తనకు మనలి ఊళ్లో చిన్నాయన కూతురి సీమంతం ఉందట, సాయంత్రానికి గానీ రాదట. వసారాలో ఉన్న మిగతావాళ్లందరికీ ఏదో పని పురమాయించి పంపేసింది. వాళ్లనూ ఆ సీసా దగ్గర ఉంచడం మంచిది కాదు గదా. పట్టుచీర కట్టుకుని, పసుపు కుంకాల సంచి పట్టుకుని ఆమె వీధి మలుపు తిరగడం కోటిలింగం కళ్లారా చూశాడు.

మఠంలో ముగ్గురు మిగిలారు. రాముడు, కోటిలింగం, సీసా.

గరుకు కాగితంతో రుద్దినంతసేపూ బాగానే ఉంది. తర్వాత మూత తియ్యక తప్పలేదు. వాసన గుప్పుమంది. నోట్లో నీళ్లూరాయి. అంత భయం అతను జన్మలో ఎరగడు. దూదిని గుడ్డలో చుట్టి పాలీసులో ముంచాడు గానీ చెయ్యి పల్లకి వైపు పోవడానికి మొరాయించింది. అప్పుడు తట్టింది అతనికి. తాగాలంటే నోరు ఖాళీగా ఉండాలి. నోటికి పని పెడితే? మొదటి వరుసలో కూర్చున్న పుణ్యాన అతనికి ఒక పల్లవి వచ్చు. అది ఎత్తుకున్నాడు.

గొంతు సంగతి చెప్పక తప్పదు. రాగం ఒక వీధిలో పోతే అతను ఇంకో వీధిలో పోతాడు. ఎదురుగా కూరలమ్మే రాసాత్తి చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. పడుకున్న కుక్కలు లేచి వేరే వీధి చూసుకున్నాయి. శేషాద్రి అయితే ఇంట్లోంచి సగం దూరం వచ్చి, చేతులు జోడించి, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కానీ కాసేపటికి వీధికి విషయం అర్థమైంది. పాట వినబడుతున్నంతసేపూ ఆ నోరు సీసా దగ్గర లేదన్నమాట. అంతే, తిట్టినవాళ్లే చెవులొగ్గి వినడం మొదలుపెట్టారు. టీ కొట్టువాడు రేడియో తగ్గించాడు. కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెల చప్పుడు కాకుండా పట్టుకున్నారు. ఆ వీధిలో ఏ కచేరీనీ అంత శ్రద్ధగా విని ఉండరు.

ఎండ నడినెత్తిన ఉండగా పాట ఆగిపోయింది.

రాసాత్తి గంప వదిలేసి పరుగెత్తింది. టీ కొట్టువాడు పరుగెత్తాడు. వాళ్లు మెట్లెక్కే లోపలే మఠం వెనక తలుపు ధడాలున తెరుచుకుని ఒక మనిషి లోపలికి దూసుకొచ్చింది. పట్టుచీర నిండా బియ్యపు గింజలు, చేతిలో చేట. చెంగమ్మ. కోటిలింగం చెంబెత్తి గటగటా తాగుతున్నాడు. ఆమె చెంబు లాక్కుని వాసన చూసింది. బావి నీళ్లు. పాడి పాడి గొంతు ఎండిపోయింది పాపం.

కోటిలింగం ఆమె చీర చూశాడు, చేట చూశాడు, వెనక తలుపు చూశాడు. వీధి మలుపు తిరిగి చుట్టూ తిరిగొచ్చి, పొద్దుటినుంచీ ఆ తలుపు వెనకే కూర్చుని ఉందని తెలిసిపోయింది.

“మనలి నుంచి ఎప్పుడొచ్చినావక్కా?” అన్నాడు బొంగురుగా.

చెంగమ్మ సిగ్గుపడింది. ఆమె సిగ్గుపడడం వీధిలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

“నీ మీద నమ్మకం ఉండాది నాయనా. ఆ సీసా మీదే లేదు” అంది.

“నాకూ లేదక్కా. అందుకే నోరు మూసింది లేదు” అన్నాడు కోటిలింగం. మళ్లీ పల్లవి ఎత్తుకున్నాడు. చెంగమ్మ ఇక దాక్కోవడం మానేసి ఎదురుగానే కూర్చుని బియ్యం ఏరుకుంది.

నవమి నాడు పల్లకి వీధిలోకి వస్తుంటే జనం రాముణ్ణి చూసే ముందు పల్లకినే చూశారు. ముదలియారు బొటనవేలితో రుద్ది, వంగి, పక్కనుంచి, కిందనుంచి చూశాడు. తప్పు దొరకలేదు. ఆడిన మాట ప్రకారం కొట్టులోకి తీసుకున్నాడు, ఒక షరతు మీద. పాట ఆగకూడదు. పాట ఆగితే తాను వచ్చి సీసా తీసేసుకుంటాడు.

అలా పెరంబూరు బీరువాల కొట్టులో కోటిలింగం గానం మొదలైంది. మంచం కొనడానికి వచ్చిన పెళ్లివారు ఇదేం శకునమని గునిసేవారు. లోపల భజన జరుగుతోందనుకుని చెప్పులు విడిచి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఒక్క పల్లవినే పొద్దస్తమానం వినలేక ముదలియారు మొరపెట్టుకుంటే, శేషాద్రి దయతలచి ఇంకో రెండు పాటలు నేర్పాడు. అవీ అలాగే తయారయ్యాయి. కోటిలింగానికి మాత్రం సిగ్గులేదు. కుంటివాడు చేతికర్రకు సిగ్గుపడతాడా? సాయంత్రమయ్యేసరికి బొంగురుపోయిన గొంతుతో మఠానికి వచ్చి, వెనక వరుసలో పెదవులు మాత్రం కదిలిస్తూ కూర్చునేవాడు. కొత్తగా వచ్చి వణికిపోతున్నవాడు ఎవడైనా ఉంటే వాడి పక్కనే చాప వేసుకుని, నిజం తీర్థం కథ చెప్పి నవ్వించేవాడు.

వానలు వచ్చిపోయాయి. దీపావళి వెళ్లింది. మైలాపూరు నుంచి ఎవరో ఒక పాత ఉయ్యాల బల్ల పంపారు. తరతరాల మురికి పట్టి నల్లటి రాయిలా ఉంది. కోటిలింగం రుద్దుతూ పోతుంటే లోపలినుంచి కొయ్య చార ఒకటి బయటపడింది. దాని పక్కన ఇంకోటి. అలాంటి అల్లిక ఉన్న టేకు అతను అంతకుముందు ఒక్కసారే చూశాడు, తండ్రి బతికున్నప్పుడు. పూత వేశాడు, ఆరనిచ్చాడు, వంగి చూశాడు, మళ్లీ వేశాడు.

లోపల గదిలో కునుకు తీస్తున్న ముదలియారు ఉలిక్కిపడి లేచాడు. ఏదో తేడా. ఏమిటా అని చూస్తే కొట్టంతా నిశ్శబ్దం. జారుతున్న పంచె ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. సీసా మూత తీసి ఉంది. అందులో పాలీసు ఉండాల్సినంత ఉంది. కోటిలింగం బల్ల మీదికి వంగి, తన లోకంలో తానున్నాడు.

“ఎన్నప్పా, పాట ఆగిపోయిందే?” అన్నాడు ముదలియారు.

కోటిలింగం తలెత్తాడు. పాట ఎప్పుడు ఆగిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. పొద్దున బల్ల దించినప్పుడు పాడాడా? అదీ గుర్తు లేదు.

“పాడాలన్న మాటే మరిచిపోయినాను ముదలాళీ” అన్నాడు.

అన్నాక గానీ ఆ మాటకు అర్థం అతనికి తెలియలేదు. చేతిలో దూది అలాగే ఉండిపోయింది. కళ్లలో నీళ్లు జలజలా రాలాయి. పూత మీద పడతాయేమోనని గబుక్కున పక్కకు తిరిగాడు, ఎంతైనా పనివాడు కదా. ముదలియారు సీసా తీసుకోబోయి, ఆగి, మూత పెట్టి అక్కడే ఉంచి లోపలికి వెళ్లిపోయాడు.

మట్టమధ్యాహ్నం ఎండలో, మీద చొక్కా కూడా లేకుండా, కోటిలింగం పెరంబూరు నుంచి వ్యాసర్పాడికి నడిచాడు. చెంగమ్మ పెరట్లో పిండి రుబ్బుతోంది. వేళ కాని వేళ వచ్చిన మనిషిని చూసి ఆమె గుండె ఝల్లుమంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మాట పెగలడం లేదు, ఇంకేం, అయిపోయిందనుకుంది. పొత్రం వదిలేసి లేచి నిలబడింది. కోటిలింగం జరిగింది చెప్పాడు.

ఆమె పిండి చేతులతోనే కళ్లు తుడుచుకుంది, ముఖమంతా తెల్లగా అయింది.

“అట్లయితే ఇంక పాడవా?” అంది.

“పాడే పని లేదక్కా.”

“వీధి బతికింది పో” అంది చెంగమ్మ. ఏడుస్తూనే నవ్వింది, అన్నం తిన్నావా అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా ఆకు వెయ్యడానికి లోపలికి వెళ్లింది.